అక్టోబర్ వస్తే మళ్లీ అవే ఐదు పాటలా?

సంపాదకుల గారికి నమస్కారం.

హాలోవీన్ పార్టీకి ఏ పాటలు పెట్టుకోవాలో చెబుతూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను, చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఏటా అక్టోబర్ చివరి వారంలో ఇలాంటి వ్యాసం ఒకటి వస్తుంది. మీ దగ్గరే కాదు, ఎక్కడ చూసినా వస్తుంది, ప్రతిసారీ అందులో అవే పాటలు ఉంటాయి: 'థ్రిల్లర్', 'మాన్‌స్టర్ మ్యాష్', 'గోస్ట్‌బస్టర్స్', 'సమ్‌బడీస్ వాచింగ్ మీ', 'టైమ్ వార్ప్'. వ్యాసం రాసినవారి తప్పేమీ లేదు, అడిగితే ఎవరైనా ఠక్కున చెప్పే పేర్లు అవే. కానీ ఆ ఐదూ అందరికీ ముందే తెలుసు కదండీ. తెలిసిన పాటలు చెప్పడానికి వ్యాసం ఎందుకు? ఎవరూ పెద్దగా వినని, వింటే మాత్రం వెన్నులో చలి పుట్టించే పాప్ పాటలు దాదాపు తొంభై ఏళ్ల రికార్డుల్లో కుప్పలుగా ఉన్నాయి. వాటి గురించి రాస్తే చదివినవారికి నిజంగా పనికొస్తుంది.

ఆ ఐదు పాటలంటే నాకు చిన్నచూపు లేదని ముందే చెప్పాలి. 'మాన్‌స్టర్ మ్యాష్' ఎన్నిసార్లు విన్నా నాకు విసుగు రాదు. బాబీ పికెట్ అనే కుర్రాడు పాత భయానక సినిమాల నటుడు బోరిస్ కార్లోఫ్ గొంతును అనుకరిస్తూ పాడితే, 1962 అక్టోబర్‌లో, సరిగ్గా హాలోవీన్ ముందు, అది అమెరికా హిట్ పాటల చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. అందులో శవపేటిక తెరుచుకునే చప్పుడు కోసం చెక్కలోంచి తుప్పు పట్టిన మేకును లాగారు, మరుగుతున్న ద్రావకం చప్పుడు కోసం నీళ్లలో స్ట్రా పెట్టి ఊదారు. ఇంత మనసు పెట్టి చేసిన పాటను ఎవరు కాదంటారు? 'థ్రిల్లర్' సంగతీ అంతే. రాడ్ టెంపర్టన్ రాసిన ఆ పాటకి చివర్లో భయానక సినిమాల నటుడు విన్సెంట్ ప్రైస్ గొంతు కలపాలన్న ఆలోచన వచ్చినవారికి దండం పెట్టాలి.

కానీ భయం అనేది తర్వాత ఏం రాబోతోందో తెలియకపోవడంలో ఉంటుంది. 'థ్రిల్లర్'లో తలుపు కిర్రుమనగానే గదిలో సగం మంది చేతులు పైకెత్తి జాంబీల్లా ఊగడం మొదలుపెడతారు, విన్సెంట్ ప్రైస్ నవ్వే చోటు రాకముందే వాళ్లు నవ్వేస్తారు. అది సరదాయే, పార్టీకి ఆ సరదా కావాలి కూడా. అయితే ఆ రాత్రికి కావాల్సిన ఇంకో రుచి, అంటే మెడ వెనక ఎవరో నిలబడ్డట్టు ఒక్క క్షణం అనిపించడం, అది మాత్రం తెలిసిన పాట నుంచి రాదు.

ఇది నాకు ఒక పార్టీలోనే తెలిసొచ్చింది. కొన్నేళ్ల కిందట స్నేహితులు పాటలు పెట్టే పని నాకు అప్పగిస్తే, నేను కూడా అందరిలాగే ఆ ఐదూ, వాటి చుట్టూ ఇంకో పదీ పెట్టాను. అందరూ పాడారు, ఎగిరారు, గంట గడిచేసరికి పాటల్ని ఎవరూ పట్టించుకోవడం మానేసి కబుర్లలో పడ్డారు. ఆ వరుసలో ఎక్కడో మధ్యలో, నాకు కూడా అప్పటికి కొత్తదైన ఒక పాత పాట పెట్టి ఉన్నాను, జాన్ లేటన్ పాడిన 'జానీ రిమెంబర్ మీ'. గుర్రం పరుగెడుతున్నట్టు లయ, వెనకాల గాలి వీస్తున్నట్టు ప్రతిధ్వని, ఆ గాలిలోంచి చచ్చిపోయిన ప్రియురాలు పిలుస్తున్నట్టు ఒక ఆడగొంతు. ఆ గొంతు మొదటిసారి లేవగానే గదిలో కబుర్లు ఆగిపోయాయి. ఒకామె నా వైపు తిరిగి "ఏంటిది?" అని గుసగుసగా అడిగింది. ఆ గుసగుస కోసమే నేను అప్పటి నుంచీ పాటలు వెతుకుతున్నాను.

ఆ పాట గురించి కొంచెం ఎక్కువ చెప్పనివ్వండి, ఎందుకంటే అది వచ్చిన చోటు అలాంటిది. దాన్ని తయారుచేసిన జో మీక్ అనే నిర్మాతకు పెద్ద స్టూడియో ఏమీ లేదు. లండన్‌లో 304 హాలోవే రోడ్డు అనే చిరునామాలో, తోలు సామాన్లు అమ్మే దుకాణం పైన ఉన్న అద్దె ఇంట్లోనే రికార్డింగ్ చేసేవాడు. ఒక గదిలో గాయకుడు, ఇంకో గదిలో వాయిద్యాలు, ప్రతిధ్వని కోసం స్నానాల గది, ఇలా ఇల్లంతా వాడుకునేవాడు. పాట రాసిన జెఫ్ గొడార్డ్‌కీ, మీక్‌కీ ఇద్దరికీ ఆత్మలతో మాట్లాడటం మీద గట్టి నమ్మకం ఉండేది. అంటే ఈ పాట దయ్యాన్ని ఎగతాళి చేసిన పాట కాదు, దయ్యం ఉందని నమ్మినవాళ్లు చేసిన పాట, ఆ తేడా వింటుంటే తెలిసిపోతుంది. చావు ప్రస్తావన ఉందని బీబీసీ దీన్ని ప్రసారం చేయడానికి ఇష్టపడలేదు, అయినా 1961లో బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి చేరింది. అప్పట్లో దేశమంతా విన్న పాట, ఈరోజు హాలోవీన్ జాబితాల్లో వెతికినా కనబడదు. తక్కువ తెలిసిన పాట అంటే ఎప్పుడూ ఓడిపోయిన పాటే అనుకోనక్కర్లేదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అదే ఇంట్లో అదే సంవత్సరం పుట్టినవి ఇంకో రెండు ఉన్నాయి. మూన్‌ట్రెక్కర్స్ అనే బృందం వాయించిన 'నైట్ ఆఫ్ ద వాంపైర్', ఇందులో మాటలు ఉండవు, అందుకే మనుషులు మాట్లాడుకుంటున్నప్పుడు కూడా చక్కగా పనిచేస్తుంది. రెండోది స్క్రీమింగ్ లార్డ్ సచ్ పాడిన 'టిల్ ద ఫాలోయింగ్ నైట్'. ఈయన వేదిక మీదికి శవపేటికలోంచి లేచి వచ్చేవాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చాలామంది ఈ పాటలు వెతికేటప్పుడు చేసే పని ఏంటంటే, వెతికే పెట్టెలో దయ్యం, రక్తం, మంత్రగత్తె, పిశాచం అని టైప్ చేసి, పేరులో ఆ మాట ఉన్న ప్రతి పాటనీ జాబితాలో వేసేయడం. దానివల్ల పేరుకి మాత్రమే దయ్యాలైన పాటలు బోలెడు వచ్చి పడతాయి. 1968 మొదట్లో అమెరికాలో 3వ స్థానానికి చేరిన క్లాసిక్స్ ఫోర్ పాట 'స్పూకీ' తీసుకోండి, పేరు చూస్తే హాలోవీన్ కోసమే పుట్టిందనిపిస్తుంది, వింటే ఒక అర్థంకాని అమ్మాయి మీద మనసుపడ్డవాడి మెత్తని పాట. మంచి పాటే, డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ పాడిన రూపం ఇంకా బాగుంటుంది, కానీ ఎవరి ఒళ్లూ జలదరించదు. దానికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ద స్పెషల్స్ పాట 'గోస్ట్ టౌన్'. ఇందులో దయ్యమే లేదు. మూతబడిన క్లబ్బులు, పనిలేని కుర్రాళ్లు, పాడుబడిపోతున్న ఊళ్ల గురించిన పాట, 1981లో బ్రిటన్ అల్లర్లతో అట్టుడుకుతున్న వేసవిలో చార్టులో మొదటి స్థానంలో ఉంది. కానీ ఆ ఆర్గాన్ వినండి, ఆ వెనక ఊళలాంటి గొంతులు వినండి. దీపాలు తగ్గించిన గదిలో అది మొదలైతే ఖాళీ వీధిలో ఒంటరిగా నడుస్తున్నట్టు ఉంటుంది. పేరు కాదు, చెవి చెప్పాలి.

చెవికి భయం ఎలా పుడుతుందో కొంచెం తెలిస్తే వెతకడం తేలికవుతుంది. దూరం నుంచి వస్తున్నట్టుండే ప్రతిధ్వని ఒకటి, మెట్లు దిగుతున్నట్టు ఒక్కో స్వరం కిందికి జారే బేస్ ఒకటి, పాడకుండా గుసగుసలాడే గొంతు ఒకటి. స్వరాల మధ్య ఒక ఎడం ఉంది, సా నుంచి ప్రతి మధ్యమానికి ఉండే దూరం, దాన్ని యూరప్‌లో పాతకాలపు సంగీతజ్ఞులు సంగీతంలో సైతాను అన్నారు, అది వినబడగానే ఎక్కడో ఏదో తేడాగా ఉందని మనసుకి తడుతుంది. ఇక థెరమిన్ అనే వాయిద్యం. 1920 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త లెవ్ టెర్మెన్ కనిపెట్టాడు. దాన్ని ముట్టుకోకుండా, గాలిలో చేతులు కదుపుతూ వాయిస్తారు, ఏడుస్తున్న మనిషికీ రంపానికీ మధ్య ఉంటుంది ఆ చప్పుడు. వీటిలో రెండు ఒకే పాటలో కలిస్తే చాలు, పేరు ఏదైనా సరే, ఆ పాట మన జాబితాలోకి వస్తుంది.

ఎక్కడ వెతకాలి అంటారా, నేను మూడు దారుల్లో వెళతాను.

తెలిసిన రికార్డు తిప్పి చూడటం మొదటిది. పాత సింగిల్ రికార్డులకి రెండు వైపులా పాట ఉండేది, ఒక వైపు హిట్టయితే రెండో వైపుని జనం మర్చిపోయేవారు. స్క్రీమింగ్ జే హాకిన్స్ 1956లో పాడిన 'ఐ పుట్ ఎ స్పెల్ ఆన్ యు' అందరికీ తెలుసు. మొదట ప్రేమ పాటగా అనుకున్నది, రికార్డింగ్ రోజు అందరూ తాగి ఉండటంతో అరుపులు, మూలుగులుగా మారిపోయిందని హాకిన్సే చెప్పేవాడు. అదే రికార్డుకి వెనక వైపు 'లిటిల్ డెమన్' ఉంది. హుషారుగా, పిచ్చిగా, అర్థంలేని కూతలతో పరుగెత్తే పాట. మొదటి వైపు విన్న లక్షల మందిలో ఎంతమంది దీన్ని విని ఉంటారు? నా జాబితాలో ఇది ఎప్పుడూ ఉంటుంది, ఎప్పుడూ ఎవరో ఒకరు వచ్చి ఎవరు పాడారని అడుగుతారు.

రెండో దారి, పాట మొదటి రూపం దాకా వెనక్కి నడవడం. 1964లో జంపిన్ జీన్ సిమన్స్ పాడిన 'హాంటెడ్ హౌస్' అమెరికాలో 11వ స్థానం దాకా వెళ్లింది. (కిస్ బ్యాండు జీన్ సిమన్స్ వేరు, ఈయన వేరు.) కానీ దాన్ని 1958లోనే జానీ ఫుల్లర్ అనే బ్లూస్ గాయకుడు పాడాడు, ఆ రూపంలో ఒక మొరటుదనం ఉంది, కొత్తగా కొన్న ఇంట్లో దయ్యం ఎదురైనా ఇల్లు వదలనని మొండికేసే మనిషి గొంతు అలాగే ఉండాలనిపిస్తుంది. 'గూ గూ మక్' కథ కూడా ఇలాంటిదే. 1962లో రానీ కుక్ అండ్ ద గేలాడ్స్ చేసిన ఈ పాటని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1981లో ద క్రాంప్స్ బృందం వాళ్లు దాన్ని తీసుకుని తమ పాట చేసుకున్నారు, అప్పుడు కూడా తెలిసినవాళ్లకే తెలుసు. 2022 నవంబర్‌లో 'వెన్స్‌డే' సిరీస్‌లో కథానాయిక దానికి డాన్స్ చేసేసరికి ప్రపంచమంతా తెలిసిపోయింది. అరవై ఏళ్లు! ఇప్పుడు క్రాంప్స్ పాట తక్కువ తెలిసిన పాట కాదు, కానీ 1962 నాటిది ఇంకా అలాగే ఉంది. తెలిసిన పాటే అనుకుని అడుగు వేయబోయినవాళ్లు, ఇది వేరేలా ఉందేంటని ఒక్క క్షణం తడబడతారు చూడండి, అది నాకు చాలా ఇష్టం.

మూడోది, పెద్ద గాయకుల చిన్న పాటలు. ఇక్కడ కేట్ బుష్ దగ్గర ఆగక తప్పదు. 1978లో ఆమె మొదటి పాట 'వదరింగ్ హైట్స్' బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది, అది కూడా ఒక దయ్యం పాటే, కిటికీ బయట నిలబడి లోపలికి రానివ్వమని అడిగే ఆత్మ పాట. అదే సంవత్సరం చివర్లో 'హ్యామర్ హారర్' అనే పాట విడుదలైతే 44వ స్థానం దగ్గరే ఆగిపోయింది. ఒక నటుడు చనిపోతాడు, అతను వేయాల్సిన గూనివాడి వేషం అతని స్నేహితుడికి దక్కుతుంది, ఇక ఆ చనిపోయినవాడు ఇతన్ని వదలడు, తన వేషం దొంగిలించావని వెంటపడతాడు. ఎంత మంచి కథ! ఆమె గొంతు ఒక వాక్యంలో చిన్నపిల్లలా ఉండి, తర్వాతి వాక్యానికి అరుపుగా మారుతుంది. 2022లో ఒక సిరీస్ పుణ్యమా అని ఆమె పాత పాట 'రన్నింగ్ అప్ దట్ హిల్' మళ్లీ చార్టులెక్కినప్పుడు కొత్తతరం ఆమెని కనుక్కుంది, నాకు చాలా సంతోషమేసింది. కానీ ఆ వచ్చినవాళ్లలో ఎవరైనా 'హ్యామర్ హారర్' దాకా వెళ్లారా అని ఆలోచిస్తుంటాను. 1985 నాటి 'వేకింగ్ ద విచ్' కూడా ఉంది, కాకపోతే అది పార్టీకి మరీ బరువు, ఒంటరిగా హెడ్‌ఫోన్లలో వినాల్సిన పాట.

కథ చెప్పే పాటల గురించి ఒక మాట. 1965లో డికీ లీ పాడిన 'లారీ' అని ఒక పాట ఉంది, అది ఒక అమ్మాయి పేరు. డాన్స్‌లో ఒక అబ్బాయికి ఒక అమ్మాయి పరిచయమవుతుంది, చలిగా ఉందంటే తన స్వెట్టర్ ఇస్తాడు, ఇంటి దగ్గర దింపుతాడు, స్వెట్టర్ కోసం వెనక్కి వెళితే ఆమె చనిపోయి ఏడాదైందని తండ్రి చెబుతాడు. ఆ స్వెట్టర్ ఎక్కడ దొరుకుతుందో మీరు ఊహించే ఉంటారు. ఈ కథని ఎన్నో చోట్ల ఎన్నో రకాలుగా చెప్పుకుంటారు, కానీ పాట మాత్రం ఎంత మెత్తగా, ఎంత అమాయకంగా ఉంటుందంటే, మాటలు పట్టించుకోనివాళ్లు దాన్ని మామూలు ప్రేమ పాట అనుకుంటారు. రెడ్ సోవిన్ 1967లో చెప్పిన 'ఫాంటమ్ 309' అనే లారీ డ్రైవర్ కథ కూడా ఇదే కోవది. ఇలాంటివి పార్టీ మొదట్లో, జనం ఇంకా ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నప్పుడు పెట్టాలి. అందరూ ఎగురుతున్నప్పుడు పెడితే కథ ఎవరికీ వినపడదు, లయ కూడా పోతుంది, రెండువిధాలా నష్టం.

నవ్వించే దయ్యం పాటల విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. 1958 చుట్టుపక్కల ఇవి వరదలా వచ్చాయి, కొన్ని నిజంగా రత్నాలు. టీవీలో భయానక సినిమాలు పరిచయం చేసే జాన్ జాకర్లీ చేసిన 'డిన్నర్ విత్ డ్రాక్' 6వ స్థానం దాకా వెళ్లింది. అందులో మాటలు మరీ రక్తసిక్తంగా ఉన్నాయని టీవీ కార్యక్రమం కోసం మెత్తబరిచిన రెండో రూపం కూడా చేయాల్సి వచ్చింది. 'ద బ్లాబ్' అనే పాటని స్వరపరిచింది బర్ట్ బాకరాక్ అని తెలిసినప్పుడు నేను నమ్మలేదు, తర్వాత అంత సున్నితమైన ప్రేమ పాటలు చేసిన మనిషి, ఊరిని మింగేసే జిగురుముద్ద గురించి చా-చా లయలో పాట కట్టాడు! పాడింది ఫైవ్ బ్లాబ్స్ అని రికార్డు మీద ఉంటుంది, నిజానికి ఆ ఐదు గొంతులూ ఒకే గాయకుడివి, ఒకదాని మీద ఒకటి రికార్డు చేశారు. ఇవన్నీ నాకిష్టం. అయినా రెండు నవ్వు పాటలు పక్కపక్కన ఎప్పుడూ పెట్టను. ఒకటి నవ్విస్తుంది, రెండోది వచ్చేసరికి గది మొత్తం పిల్లల కార్యక్రమంలా మారిపోతుంది, ఆ తర్వాత ఎంత భయపెట్టే పాట పెట్టినా నవ్వుతూనే ఉంటారు. నవ్వు పాట తర్వాత వెంటనే చల్లటి పాట ఒకటి రావాలి.

డాన్స్ మొదలయ్యాక వెతుకులాట ఇంకా తేలిక. డెబ్బైల డిస్కోలో హాట్ బ్లడ్ అనే బృందం 'సోల్ డ్రాకులా' అని ఒకటి చేసింది, మాటలు దాదాపు లేవు, లయ మీద పిశాచం నవ్వుతూ ఉంటుంది, కాళ్లు ఆగవు. 1983 నాటి హుడీని అనే బృందం పాట 'హాంటెడ్ హౌస్ ఆఫ్ రాక్' ర్యాప్ ఇంకా లేతగా ఉన్న రోజులది, ఇప్పటికీ పాతబడలేదు. సూజీ అండ్ ద బాన్‌షీస్ 1981లో చేసిన 'స్పెల్‌బౌండ్'కి నా జాబితాలో శాశ్వతంగా చోటుంది, ఆ గిటారు సాలెగూడు అల్లుతున్నట్టు చుట్టుకుంటూ ఉంటుంది, డ్రమ్స్ మెట్ల మీద నుంచి దొర్లిపడుతున్నట్టు ఉంటాయి. అదే ఆల్బమ్‌లో 'హాలోవీన్' అనే పేరుతోనే ఇంకో పాట ఉంది, విచిత్రంగా దాన్ని కూడా ఎవరూ పెట్టరు. కొత్తవాటిలో కిమ్ పెట్రాస్ ఈ పండగ కోసమే ఒక ఆల్బమ్ మొత్తం చేసింది, 'టర్న్ ఆఫ్ ద లైట్', 2018లో కొంత, 2019లో పూర్తిగా. పాటల మధ్య మాటల్లేని చిన్న ముక్కలు వేసి అన్నిటినీ కలిపింది, వరుసగా వదిలేస్తే ఎవరో డీజే కూర్చుని కలిపినట్టే ఉంటుంది. మాటల్లో కొన్ని పిల్లల ముందు పెట్టదగ్గవి కావు, ముందుగా విని తీసేయండి. లేడీ గాగా 2011 పాట 'బ్లడీ మేరీ' కూడా ఎంతోకాలం ఆల్బమ్‌లో మూలన పడి ఉండి, అదే 'వెన్స్‌డే' డాన్స్‌కి జనం దాన్ని జోడించి వీడియోలు చేయడంతో బయటికొచ్చింది.

బౌహాస్ బృందం 1979 పాట 'బేలా లుగోసీస్ డెడ్' గురించి రాయకపోతే ఎవరో ఒకరు మీకు ఇంకో ఉత్తరం రాస్తారు. గొప్ప పాట. కానీ తొమ్మిది నిమిషాలకు పైన ఉంటుంది, గొంతు మొదలవడానికే చాలాసేపు పడుతుంది, దీన్ని డాన్స్ మధ్యలో పెట్టినవాళ్లని చూశాను, గది ఖాళీ అయిపోయింది. తలుపు తీసి మొదటి అతిథులు లోపలికి వస్తున్నప్పుడు అది మోగుతూ ఉండాలి. వాళ్లు చీకటి వరండా దాటి గదిలోకి వచ్చేసరికి ఆ డ్రమ్ము కర్రల టిక్కుటిక్కు చప్పుడు వాళ్లకంటే ముందు అక్కడ ఉండాలి.

వరుస గురించి నా లెక్క ఇది. కొత్త పాటలు రెండు, తెలిసినది ఒకటి, మళ్లీ రెండు, మళ్లీ ఒకటి. అన్నీ తెలియనివే పెడితే జనం అలసిపోతారు, తమది కాని పార్టీకి వచ్చామనిపిస్తుంది వాళ్లకి. అందుకే ఆ ఐదు పాటల్నీ నేను పారేయమనడం లేదు. ఊపు తగ్గుతోందనిపించిన చోట వాటిని మేకుల్లా దిగ్గొట్టండి, వాటి మధ్య కొత్తవి నిలబడతాయి. అరవైల నాటి పాటలు చాలావరకు రెండు, రెండున్నర నిమిషాలే, కాబట్టి మూడు గంటల పార్టీకి యాభై, అరవై పాటలు సులువుగా పడతాయి, అంటే దాదాపు నలభై కొత్త పాటలకి చోటుందన్నమాట.

ఇక సాంకేతికంగా రెండు మూడు విషయాలు, తొందరగా చెప్పేస్తాను. పాత రికార్డింగుల శబ్దం తక్కువగా, కొత్తవాటిది ఎక్కువగా ఉంటుంది, యాప్‌లో శబ్దం స్థాయి సమానం చేసే సెట్టింగ్ పెట్టుకోకపోతే 1961 పాట తర్వాత 2019 పాట వచ్చినప్పుడు చెవులు పగులుతాయి. ఒక పాట చివర ఇంకో పాట మొదలు కలిపేసే సెట్టింగ్ మాత్రం ఆపేయండి, ఎందుకంటే ఈ పాటల్లో చాలావాటికి అసలు భయం మొదటి ఐదు సెకన్లలోనే ఉంటుంది, గాలి, తలుపు, అడుగుల చప్పుడు, అవన్నీ ముందు పాట కింద కొట్టుకుపోతాయి. షఫుల్ ఎలాగూ వద్దు. అన్నిటికంటే ముఖ్యం, జాబితా పూర్తయ్యాక ఫోన్ స్పీకర్‌లో కాకుండా పార్టీలో పెట్టబోయే పెద్ద స్పీకర్లలో, లైట్లు ఆర్పి, ఒక్కరే కూర్చుని వినండి. మీకే ఏమీ అనిపించని పాట పదిమంది మధ్య ఇంకెవరికీ ఏమీ అనిపించదు.

నేను జాబితాలోంచి తీసేసేవి కూడా ఉన్నాయి, అది కూడా చెప్పాలి. నిజంగా జరిగిన హత్యల మీద కట్టిన పాటలు నేను పెట్టను. పైన చెప్పిన లార్డ్ సచ్‌దే 1963లో వచ్చిన 'జాక్ ద రిప్పర్' అనే పాట బాగా పేరున్నది, చాలా జాబితాల్లో కనిపిస్తుంది. కానీ 1888లో లండన్‌లో చనిపోయిన ఆ ఆడవాళ్లు నిజం మనుషులు, పేదవాళ్లు, వాళ్లని చంపినవాడి పేరుకి మనం చప్పట్లు కొడుతూ ఎగరడం నాకు మనసొప్పదు. డ్రాకులా పుస్తకంలో పుట్టాడు, ఎంతైనా ఎగరవచ్చు. ఈ విషయంలో నాతో ఒప్పుకోని స్నేహితులున్నారు, నేను మాత్రం మారను.

సంపాదకుల గారూ, వచ్చే అక్టోబర్‌లో ఈ వ్యాసం మళ్లీ వేసేటప్పుడు, ఆ ఐదు పాటల్నీ ఒక్క వాక్యంలో చెప్పేసి, మిగిలిన చోటంతా పాఠకులకి ఇవ్వండి. ఒక్కొక్కరు ఒక్క పాట, ఎవరూ వినలేదనుకునేది, అది ఎక్కడ దొరికిందో, వింటున్నప్పుడు ఏమనిపించిందో రాయమనండి. యాభై ఉత్తరాలు వచ్చినా చాలు, మూడు గంటల పార్టీకి సరిపోయే పాటలు వస్తాయి. మీ పాఠకుల్లో రికార్డులు దాచుకున్నవాళ్లు, పాత క్యాసెట్లు పారేయనివాళ్లు తప్పకుండా ఉంటారు, వాళ్లకి తెలిసినవి నాకు తెలియవు, నాకు అవి వినాలని ఉంది.

నా వంతు పాట ఇప్పుడే పంపుతున్నాను, దాన్ని జాబితాలో చివర వేయండి. జపాన్ అనే ఇంగ్లిష్ బృందం చేసిన 'గోస్ట్స్'. 1982లో బ్రిటన్‌లో 5వ స్థానానికి వెళ్లిందంటే ఈరోజు ఎవరూ నమ్మరు, ఎందుకంటే అందులో డ్రమ్స్ లేవు, డాన్స్‌కి పట్టుకునే లయ లేదు, చీకట్లో ఎక్కడెక్కడో మోగి ఆగిపోయే సింథసైజర్ చప్పుళ్లు, వాటి మధ్య డేవిడ్ సిల్వియన్ గొంతు, అంతే. అందులోని దయ్యాలు సమాధుల్లోవి కావు, మనిషి లోపల ఉండేవి. అందరూ ఎగిరి అలసిపోయాక, కోటులు వేసుకుంటూ, చెప్పులు వెతుక్కుంటూ ఉన్నప్పుడు దీన్ని పెడతాను. నిరుడు అది మోగుతుంటే ఇద్దరు తలుపు దాకా వెళ్లి అక్కడే ఆగిపోయారు, పాట అయ్యేదాకా బయటికి వెళ్లలేదు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు